కదిలే స్టూలు, కదలని స్టూలు: హనోయ్, సింగపూర్ వీధుల్లో మనుషులు

వియత్నాం రాజధాని హనోయ్ పాత బస్తీలో ఒక టీ కొట్టు దగ్గర గంటన్నర కూర్చుని ఆరుసార్లు లేచాను. కొట్టు అంటే గది, కౌంటరు అనుకోకండి. ఫుట్‌పాత్ మీద ఒక చిన్న బల్ల, దాని మీద బోర్లించిన గ్లాసులు, పక్కన ఐస్ డబ్బా, పల్లీ పట్టి ముక్కలున్న గాజు సీసా, చుట్టూ మోకాలి ఎత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్ళు, అంతే. వెనక ఇంట్లోంచి ఒక కుర్రాడు స్కూటర్ బయటికి తీస్తుంటే మొదటిసారి లేచాను. భుజాన కావడి వేసుకుని పండ్లు అమ్ముకునే ఆవిడకి దారివ్వడానికి రెండోసారి. తర్వాత బండి పార్క్ చేసేవాళ్ళు, గ్యాస్ సిలిండర్ తెచ్చినతను, మళ్ళీ అదే కుర్రాడు స్కూటర్ లోపల పెట్టడానికి. లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏదో అనడం, నవ్వడం, నా స్టూలు ఇంకో చోటికి జరపడం. ఆరోసారి కూర్చునేసరికి పక్కనున్న పెద్దాయన నా చేతిలో పల్లీ పట్టి ముక్క పెట్టాడు. ఇంగ్లీషు వచ్చిన ఒక కాలేజీ పిల్ల మధ్యలో చేరింది. ఇంకో పది నిమిషాల్లో నా వయసు, పెళ్ళి, పిల్లలు, ఒక్క జీతం తప్పిస్తే అన్నీ వాళ్ళకి తెలిసిపోయాయి.

నేనుండేది సింగపూర్‌లో. తిరిగి వచ్చిన వారంలోనే తోవా పాయో అనే పేటలో ఒక హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, అదే సాయంత్రం వేళ కూర్చున్నాను. బల్ల నేలకి బిగించి ఉంది. చుట్టూ ఉన్న గుండ్రటి స్టూళ్ళు కూడా బిగించినవే. గంటసేపు ఎవరూ నన్ను లేవమనలేదు, జరగమనలేదు. ఒకాయన వచ్చి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, లేరంటే ఎదురుగా కూర్చుని, చేపముక్కల నూడుల్స్ తిని, ట్రే తీసుకెళ్ళి దాని స్థానంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరి మధ్యా ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాటా లేదు.

ఈ రెండు ఊళ్ళూ చూసొచ్చిన మనవాళ్ళు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. హనోయ్‌లో మనుషులు కలివిడిగా ఉంటారు, సింగపూర్‌లో ఎవరి గోల వారిది, అక్కడ అంతా మిషన్‌లా ఉంటుంది. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. నచ్చకపోవడానికి కారణం సింగపూర్ మీద ప్రేమ ఒక్కటే కాదు. మనుషుల స్వభావంతో వీధిని కొలిస్తే అసలు సంగతి కనబడదు. ఇంటి గుమ్మానికీ రోడ్డుకీ మధ్యనున్న ఆ నాలుగడుగుల నేల ఎవరిది, దాని మీద ఎవరు కూర్చోవచ్చో ఎవరు తేలుస్తారు అన్నది చూడాలి. హనోయ్‌లో అది రోజూ, గంటగంటకీ మనుషులే మాటలతో తేల్చుకోవాలి. సింగపూర్‌లో అది ఎప్పుడో తేలిపోయింది, నేలకి బోల్టులు కూడా బిగించేశారు. మాట్లాడుకోవాల్సిన అవసరం ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. నాకు అర్థమైన తేడా ఇదే.

మన పల్లెల్లో రెండు రకాల చోట్లుండేవి, గుర్తు చేసుకోండి. ఒకటి అరుగు. అది ఇంటిదే, కానీ దారిన పోయేవాడు కాసేపు కూర్చుంటే ఎవరూ కాదనరు. ఇంటావిడ బయటికొచ్చి ఎవరు బాబూ అంటుంది, మంచినీళ్ళిస్తుంది, ఎక్కువసేపు కూర్చుంటే గొంతు మారుతుంది. రెండోది రచ్చబండ. అది ఏ ఇంటిదీ కాదు, ఊరందరిదీ. అక్కడ కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ అక్కడ నడవాల్సిన పద్ధతులు పెద్దలు పెట్టినవి. హనోయ్ అరుగుల ఊరు. సింగపూర్ ప్రభుత్వం కట్టిన రచ్చబండల ఊరు.

హనోయ్ అరుగు ఎలా పుట్టిందో చూడాలంటే హోన్ కియెమ్ సరస్సుకి ఉత్తరాన ఉన్న పాత బస్తీకి వెళ్ళాలి. 36 వీధులు అని పేరు. చాలా వీధుల పేర్లు "హాంగ్" అని మొదలవుతాయి, హాంగ్ అంటే సరుకు. హాంగ్ బాక్ వెండి వీధి, హాంగ్ మా అంటే పూజలో కాల్చే కాగితపు వస్తువుల వీధి, హాంగ్ థియెక్ రేకుపని వీధి. హాంగ్ థియెక్‌లో ఇప్పటికీ ఫుట్‌పాత్ మీదే కూర్చుని రేకులు కొడుతుంటారు, ఆ చప్పుడు మలుపు తిరగకముందే వినబడుతుంది. లాన్ ఓంగ్ వీధిలోకి అడుగుపెడితే ఎండిన వేర్లు, బెరడుల వాసన, మన ఆయుర్వేద మందుల కొట్టు వాసనలాగే. వీధిలో చోటు అంటే వ్యాపారం కాబట్టి ప్రతి ఇంటికీ వీధి వైపు ముఖం కావాలి. అందుకని ఇళ్ళు సన్నగా, లోపలికి పొడుగ్గా కట్టారు. వాటినే గొట్టం ఇళ్ళు అంటారు. వెడల్పు రెండు మూడు మీటర్లే ఉండి, లోపలికి మాత్రం యాభై అరవై మీటర్లు సాగే ఇళ్ళున్నాయి. మా మే అనే వీధిలో 87వ నంబరు ఇంటిని బాగుచేసి చూడ్డానికి తెరిచిపెట్టారు, హనోయ్ వెళ్తే తప్పకుండా చూడండి. ముందు గది కొట్టు, తర్వాత చిన్న ముంగిలి, తర్వాత గది, మళ్ళీ ముంగిలి, చివర్న వంటిల్లు. మన కోస్తా ఊళ్ళలో మండువా ఇల్లు చూసినవాళ్ళకి ఆ వెలుతురు పడే తీరు కొత్తగా అనిపించదు.

1954 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక ఒక కుటుంబం ఉన్న ఇలాంటి ఇళ్ళలో చాలావాటిని నాలుగైదు కుటుంబాలకు పంచారు. ఒక్కో కుటుంబానికి ఒక గది, వంటిల్లూ నీళ్ళ కుళాయీ మరుగుదొడ్డీ అందరికీ కలిపి. రేషన్ కార్డు మీద బియ్యం, బట్ట, కిరసనాయిలు. ఇంట్లో చోటు లేనప్పుడు మనిషి ఎక్కడికి పోతాడు? గుమ్మం బయటికి. గిన్నెలు తోమడం, పిల్లలకి అన్నం పెట్టడం, జుట్టు కత్తిరించుకోవడం, మధ్యాహ్నం కునుకు, అన్నీ గుమ్మం బయటే. 1986లో డోయ్ మోయ్ సంస్కరణలొచ్చి సొంత వ్యాపారానికి తలుపులు తెరుచుకున్నాక, అప్పటికే వాడుకలో ఉన్న ఆ ఫుట్‌పాతే లక్షలమందికి కొట్టయింది. పొయ్యి ఒకటి, కుండ ఒకటి, స్టూళ్ళు పది ఉంటే చాలు, ఫో అనే నూడుల్స్ పులుసు అమ్మొచ్చు, నూడుల్స్‌తో తినే బున్ చా పంది మాంసం కాల్చొచ్చు. పెట్టుబడి తక్కువ, అద్దె లేదు, ఇంటి ముందే పని. హనోయ్ వీధిలో మనకి కనబడే ఆ సందడి వెనక ఇరుకూ, అవసరమూ ఉన్నాయి.

అక్కడి ఫుట్‌పాత్‌కి గంటల లెక్క ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి సరస్సు చుట్టూ పెద్దవాళ్ళు వ్యాయామం చేస్తుంటారు, స్పీకర్‌లో పాట పెట్టి వరసగా నిలబడి చేతులూపుతుంటారు. ఆరింటికల్లా ఫో గిన్నెలు, జిగురుబియ్యం అన్నం పొట్లాలు. పదకొండున్నరకి బున్ చా పొగ. మధ్యాహ్నం ఒంటిగంటకి అదే చోట పడక కుర్చీ వేసుకుని ఎవరో నిద్రపోతుంటారు, బండి నడిపేవాళ్ళయితే బండి మీదే వెల్లకిలా పడుకుంటారు, పడిపోరు. సాయంత్రం గోడకి వల కట్టి బ్యాడ్మింటన్. రాత్రికి బియా హొయ్, ఏ రోజు పీపాలు ఆ రోజే తెచ్చి ఆ రోజే ఖాళీ చేసే చవక బీరు. ఒకే నాలుగడుగుల నేలని రోజుకి ఐదారుగురు వంతులవారీగా వాడుకుంటారు. ఈ వంతులు ఏ కాగితం మీదా రాసి ఉండవు. పొద్దున ఫో అమ్మే ఆవిడ తొమ్మిదింటికి సర్దేసుకోవాలి, ఆ ఇంటావిడకి ఎంతో కొంత ఇవ్వాలి, పక్క కొట్టువాడి గుమ్మానికి తన స్టూళ్ళు అడ్డం రాకూడదు. ఇవన్నీ మాట మీద నడిచే ఒప్పందాలు. మాట తెగితే చోటు పోతుంది. అందుకే అక్కడ పలకరింపు మర్యాదతో ఆగదు, దానిమీదే బతుకుతెరువు కూడా ఉంటుంది.

ఇక్కడే భాష సంగతి చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్ళకి ఇది చాలా దగ్గరగా అనిపిస్తుంది. వియత్నామీయులు కొత్తవాళ్ళని కూడా చుట్టరికంతోనే పిలుస్తారు. మనకంటే కొంచెం పెద్దవాడైతే "అన్", అన్న. పెద్దదైతే "చి", అక్క. చిన్నవాళ్ళు "ఎమ్". నాన్నకంటే చిన్న వయసువాడైతే "చూ", అంటే బాబాయి. నాన్నకంటే పెద్దవాడైతే "బాక్", అచ్చంగా పెదనాన్న. ఇంగ్లీషువాడికి ఇద్దరూ అంకులే, మనకీ వాళ్ళకీ మాత్రం ఆ తేడా ఉంది. "నువ్వు" అనడానికి అందరికీ సరిపోయే ఒక మామూలు మాట వాళ్ళ రోజువారీ మాటల్లో లేదు. అందుకే కలిసిన రెండో నిమిషంలో "ఏ సంవత్సరంలో పుట్టావు?" అని అడుగుతారు. మనవాళ్ళు దాన్ని ఆరా తీయడం అనుకుంటారు. నిజానికి వయసు తెలియకపోతే వాళ్ళకి వాక్యం మొదలుపెట్టడమే కష్టం. పిలిచేటప్పుడు చివర్న "ఓయ్" లాంటి శబ్దం చేరుస్తారు, "చి ఓయ్!" అని అరుస్తుంటే నాకు "అక్కోయ్!" అన్నట్టే వినబడింది. చుట్టరికం కలుపుకున్నాక లేవమనడం, జరగమనడం తేలిక. "అన్నా, కాస్త జరుగు" అంటే ఎవరికి కోపమొస్తుంది?

ఇప్పుడు సింగపూర్‌కి వద్దాం. అక్కడ కూడా వీధి మీదే అంతా ఉండేది, ఈ సంగతి చాలామందికి తెలియదు. 1968, 69లో లెక్కపెట్టి నమోదు చేస్తే దాదాపు 18,000 మంది వీధి వ్యాపారులు తేలారు. పక్కనున్న నదిలోకే ఎంగిలి నీళ్ళు, చెత్త. మరుగుదొడ్లు లేవు, కుళాయిలు లేవు. జనం కంపోంగ్‌లలో, అంటే రేకులూ చెక్కలతో కట్టుకున్న బస్తీల్లో ఉండేవాళ్ళు. 1961 మే 25న బుకిట్ హో స్వీ బస్తీ అంటుకుని దాదాపు 16,000 మంది ఒక్క రోజులో నిలువనీడ లేకుండా పోయారు. అప్పటికి ఏడాది కిందటే, 1960లో, హెచ్‌డీబీ అనే గృహనిర్మాణ సంస్థ పెట్టారు. ఆ తర్వాత అది కట్టుకుంటూ పోయింది. ఇప్పుడు అక్కడ స్థిరపడినవాళ్ళలో పదిమందికి దాదాపు ఎనిమిది మంది ఆ ఫ్లాట్లలోనే ఉంటారు. వీధి వ్యాపారుల కోసం 1971 నుంచి హాకర్ సెంటర్లు కట్టి, కుళాయి, కరెంటు, డ్రైనేజీ ఇచ్చి, ఒక్కొక్కరినీ లోపలికి తీసుకెళ్ళారు. 1986కల్లా వీధులు ఖాళీ అయ్యాయి. నదిని శుభ్రం చేసే పని కూడా అదే కాలంలో, 1977 నుంచి 1987 వరకు నడిచింది. ఇప్పుడు అలాంటి సెంటర్లు 110కి పైనే ఉన్నాయి, 2020లో ఆ సంస్కృతిని యునెస్కో జాబితాలో చేర్చింది.

అంటే హనోయ్‌లో ఇప్పటికీ గుమ్మం ముందు జరుగుతున్న బేరసారాన్ని సింగపూర్ ఒక తరంలో చట్టంగా, సిమెంటుగా మార్చేసింది. దుకాణానికి నంబరు, లైసెన్సు, శుభ్రతకి గ్రేడు. బల్లకి ఎన్ని స్టూళ్ళో, అవి ఎంత దూరంలో ఉండాలో ముందే తేల్చారు. 2021 నుంచి తిన్న ట్రే తీసి పెట్టకపోతే తప్పు కింద లెక్క. ఇంత చేశాక ఎదుటివాడితో తేల్చుకోవాల్సింది ఏముంటుంది? ఒక్కటే మిగిలింది, బల్ల ఎవరిది అన్నది. దానికి కూడా వాళ్ళు నోరు విప్పకుండా ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. టిష్యూ ప్యాకెట్ ఒకటి బల్ల మీద పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్తారు, దాన్ని "చోప్" చేయడం అంటారు. ఎంత రద్దీ ఉన్నా ఆ ప్యాకెట్‌ని తీసేసి ఎవరూ కూర్చోరు. బస్టాండులో ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరిన మనకి ఈ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు. తేడా ఏంటంటే మన రుమాలు గొడవకి మొదలు, వాళ్ళ టిష్యూ గొడవకి ముగింపు.

అయినా సింగపూర్ ముభావమైన ఊరని నేను ఒప్పుకోను. హెచ్‌డీబీ భవనాల్లో నేల అంతస్తు ఖాళీగా వదిలేస్తారు, దాన్ని వాయిడ్ డెక్ అంటారు. స్తంభాలు, నీడ, గాలి, చదరంగం గళ్ళు చెక్కిన సిమెంటు బల్లలు. నేనుండే చోట ఒక శనివారం ఒక బ్లాక్ కింద మలయ్ పెళ్ళి జరుగుతోంది. డప్పుల్లాంటి కొంపాంగ్‌లు వాయిస్తూ పెళ్ళికొడుకుని తీసుకొస్తున్నారు, పెద్ద పెద్ద గుండిగల్లో మాంసం, అన్నం. రెండు బ్లాకుల అవతల చైనీయుల చావు, గుడారం వేసి, శవపేటిక ముందు అగరొత్తులు, బల్లల మీద పల్లీలు, చాక్లెట్లు, రాత్రంతా మేలుకునే బంధువులు. ఆ దారిన ఆఫీసు నుంచి వస్తున్న అరవ పెద్దాయన ఒకరు చావు గుడారం దగ్గర తల వంచి, పెళ్ళి దగ్గర చేయెత్తి పలకరించి, లిఫ్టెక్కారు. ఈ రెండూ ఇళ్ళలో జరిగేవి కావు, ఇళ్ళు చిన్నవి. పర్మిట్ తీసుకుంటే ఆ నేల మూడు రోజులో ఐదు రోజులో మీది. తర్వాత కడిగి ఇంకొకరికి ఇస్తారు. రచ్చబండ అన్నది ఇందుకే.

ఆ రచ్చబండ మీద ఎవరు కలవాలో కూడా ప్రభుత్వమే చూసుకుంది. 1989 నుంచి ప్రతి బ్లాకులో, ప్రతి పేటలో చైనీయులు, మలయ్‌లు, భారతీయులు, ఇతరులు ఎంత శాతం దాటకూడదో కోటా ఉంది. ఒకే జాతివాళ్ళంతా ఒకచోట గుంపు కట్టకుండా పెట్టిన నియమం. పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, తీసుకుని రీసేల్ ఫ్లాట్ కోసం తిరిగిన తెలుగు కుటుంబాలకి "ఈ బ్లాకులో కోటా నిండిపోయింది" అన్న మాట బాగా తెలుసు. అమ్ముకునేటప్పుడు ఇబ్బంది ఇంకా ఎక్కువ, కోటా నిండిన చోట చిన్న జాతివాళ్ళకి కొనేవాళ్ళు తక్కువ దొరుకుతారు, ధర తగ్గించుకోవాల్సి వస్తుంది. అది నిజమైన నష్టం. కానీ ఆ కోటా వల్లే నా ఎదురింట్లో మలయ్ కుటుంబం, పక్కింట్లో చైనీస్ ముసలావిడ ఉన్నారు, పండక్కి ఒకరి డబ్బాలు ఇంకొకరింటికి వెళ్తాయి. పిలుపులు కూడా దీనికి తగ్గట్టే తయారయ్యాయి. నాలుగు అధికార భాషలున్న ఊళ్ళో పెదనాన్నా బాబాయీ తేడా చూసుకుంటే కుదరదు. అందరికీ కలిపి రెండే మాటలు, అంకుల్, ఆంటీ. టాక్సీ అంకుల్, చెత్త ఊడ్చే అంకుల్, కాఫీ ఆంటీ. వయసు అడగక్కర్లేదు, ఏ దేవుడికి మొక్కుతారో తెలియక్కర్లేదు. ఆ పిలుపులో చనువు తక్కువే, కానీ అందులో ఎవరైనా ఇముడుతారు.

రోడ్డు దాటడం దగ్గర ఈ రెండు ఊళ్ళ తేడా ఒక్క నిమిషంలో కనబడుతుంది. హనోయ్‌లో 60 లక్షలకు పైగా మోటర్ సైకిళ్ళున్నాయి. అవి ఆగుతాయని చూస్తూ నిలబడితే సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. నెమ్మదిగా, ఒకే వేగంతో, ఆగకుండా నడవాలి, బండ్లే చుట్టూ తిరిగి పోతాయి. మీరు వాళ్ళ కళ్ళలోకి చూస్తారు, వాళ్ళు మీ అడుగు చూస్తారు. ఒక ముసలావిడ చేయి కాస్త పైకెత్తి, రోడ్డు వంక కూడా చూడకుండా దాటడం చూశాను. సింగపూర్‌లో అదే వయసావిడ స్తంభానికున్న యంత్రానికి తన కార్డు తాకిస్తే పచ్చ లైటు ఇంకొన్ని సెకన్లు ఎక్కువ వెలుగుతుంది, 2009లో తెచ్చారా పద్ధతి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ వచ్చినప్పుడు నేను ఏ ఊరిని ఎంచుకుంటానో ఆలోచించాల్సిన పని లేదు.

ఇది గట్టిగా చెప్పాలనే అమ్మ మాట ఎత్తాను. హనోయ్ వీధి అందంగా ఉందని మెచ్చుకునేవాళ్ళలో చాలామంది రెండు కాళ్ళ మీద చకచకా నడవగలిగినవాళ్ళు. చక్రాల కుర్చీ, పిల్లల బండి, చూపు లేనివాళ్ళ కర్ర ఆ ఫుట్‌పాత్ మీద పోవు. నిండా బండ్లు, పొయ్యిలు, స్టూళ్ళు. దిగి రోడ్డు మీద నడవాల్సిందే. కావడి మోసే ఆడవాళ్ళు ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళకి గుమ్మం లేదు కాబట్టి అరుగూ లేదు, ఒకచోట దించితే ఇంటివాళ్ళు కసురుకుంటారు, రోడ్డు పక్కన దించితే పోలీసులు సరుకు పట్టుకుపోతారు. పైన చెప్పిన టీ కొట్లని అక్కడ "క్వాన్ కోక్" అంటారు, కోక్ అంటే కప్ప. జనం కప్పల్లా గొంతుక్కూర్చుంటారు కాబట్టి ఆ పేరని కొందరంటారు, పోలీసు ట్రక్కు రాగానే గెంతి మాయమవుతుంది కాబట్టి అని ఇంకొందరు. 2017లో నగరమంతా ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించినప్పుడు ముందుకు పొడుచుకొచ్చిన ఇంటిమెట్లు కూడా పగలగొట్టారు, కొన్ని ఇళ్ళవాళ్ళు నిచ్చెనలూ స్టూళ్ళూ వేసుకుని గుమ్మం ఎక్కారు. కొన్నాళ్ళకి స్టూళ్ళు మళ్ళీ వచ్చేశాయి. రాకుండా ఎలా ఉంటాయి, వాటి మీదే కదా ఇల్లు గడిచేది.

సింగపూర్‌లో ఈ లెక్కకి బయట ఉండిపోయినవాళ్ళు వేరే. నిర్మాణ పనులకి వచ్చిన బంగ్లాదేశీ, తమిళ, తెలుగు కార్మికులకి హెచ్‌డీబీ బ్లాకూ లేదు, వాయిడ్ డెక్కూ లేదు. వాళ్ళ డార్మిటరీలు ఊరి అంచుల్లో ఉంటాయి. అందుకే ఆదివారం లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డు చుట్టూ, గడ్డి ఉన్న ప్రతి చోటా గుంపులు గుంపులుగా కూర్చుని ఫోన్‌లో ఇంటికి మాట్లాడుతూ, పొట్లం విప్పుకుని తింటూ కనబడతారు. వారంలో వాళ్ళకి దొరికే అరుగు అదొక్కటే. 2013 డిసెంబర్ 8 రాత్రి అక్కడ ఒక ప్రైవేటు బస్సు కింద పడి ఒక భారతీయ కార్మికుడు చనిపోయాడు, ఆ వెంటనే అల్లర్లు జరిగాయి, పోలీసు కార్లు, అంబులెన్సు కాల్చారు. తర్వాత 2015లో వచ్చిన చట్టంతో దేశమంతా రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడు దాకా బహిరంగంగా మద్యం తాగడం నిషేధించారు, లిటిల్ ఇండియాలో నియమాలు ఇంకా గట్టివి. శాంతి కావాలి, ఒప్పుకుంటాను. కానీ గది లేనివాడికి వీధిలో నియమం పెడితే, గది ఉన్నవాడి కంటే వాడి మీద రెట్టింపు బరువు పడుతుంది. అక్కడి టెక్కా మార్కెట్ కింద ఆదివారం సాయంత్రం శ్రీకాకుళం యాస వినబడినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

విచిత్రం ఏంటంటే ఈ మధ్య రెండు ఊళ్ళూ ఒకదాని వైపు ఒకటి నడుస్తున్నాయి. హనోయ్ 2016 సెప్టెంబర్ నుంచి వారాంతాల్లో సరస్సు చుట్టూ బండ్లు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలేస్తోంది. అక్కడ పిల్లలు బొమ్మకార్లు నడుపుతారు, పెద్దలు కాలితో షటిల్ తన్నే ఆట ఆడతారు, పోలీసులు బారికేడ్లు పెట్టి కాపలా ఉంటారు. అది అరుగు కాదు, ప్రభుత్వం చూసుకునే రచ్చబండే. మలుపుల్లో రోజంతా బండి మీద కూర్చుని బేరం కోసం చూసే "సే ఓమ్" వాళ్ళు, అంటే మోటర్ సైకిల్ టాక్సీవాళ్ళు, కూడా తగ్గిపోతున్నారు. ఓమ్ అంటే కౌగిలి, వెనక కూర్చున్నవాడు నడిపేవాణ్ణి పట్టుకుంటాడని ఆ పేరు. పేటలో ఎవరు కొత్తగా వచ్చారో, ఎవరి పిల్ల బడి నుంచి ఇంకా రాలేదో ముందు తెలిసేది వాళ్ళకే. ఇప్పుడు యాప్‌లో బండి పిలిస్తే వచ్చినవాడికి ఆ పేటే తెలియదు. ఆ యాప్‌లలో పెద్దదైన గ్రాబ్ ప్రధాన కార్యాలయం సింగపూర్‌లోనే ఉంది.

సింగపూర్ వైపు చూస్తే, తిండి కొట్లున్న లావ్ పా సాత్ భవనం పక్కన బూన్ టాట్ వీధిని సాయంత్రాలు మూసేసి సాటే, అంటే పుల్లకి గుచ్చిన మాంసం, కాల్చేవాళ్ళకి ఇస్తున్నారు, ఒకప్పుడు వీధి మీద నుంచి లోపలికి పంపిన అదే పొగ మళ్ళీ వీధి మీద. ఇంకోపక్క కొత్త బ్లాకుల్లో వాయిడ్ డెక్‌లు చిన్నవైపోతున్నాయి. పాత బ్లాకుల్లో పొడుగాటి వరండా ఉండేది, లిఫ్టు కొన్ని అంతస్తుల్లోనే ఆగేది, ఇంటికి చేరేలోపు పదిళ్ళ గుమ్మాల ముందు నుంచి నడవాలి, తలుపులు తెరిచి ఉండేవి. తర్వాత ముసలివాళ్ళ కష్టం చూసి ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ఆగేలా మార్చారు. చాలా మంచి పని. దాంతోపాటు ఆ పది గుమ్మాలూ పోయాయి. ఒకటి బాగుచేస్తే ఇంకొకటి జారిపోవడం ఈ విషయంలో ప్రతిచోటా కనబడుతుంది, ఎవరినీ తప్పుపట్టలేం, కానీ పోయిందేంటో లెక్క రాసుకోవాలి కదా.

మా బ్లాక్ కింద సిమెంటు బల్లలున్నాయి, బిగించినవి, శుభ్రంగా ఉంటాయి. వాటి మీద పెద్దగా ఎవరూ కూర్చోరు, స్తంభం అడ్డం వచ్చి అక్కడికి గాలి తగలదు. నాలుగేళ్ళ కిందట ఎవరో ముసలాయన తన ఇంట్లో పాత ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కిందికి తెచ్చి, లిఫ్టుకీ పోస్టు డబ్బాలకీ మధ్య, గాలి బాగా తగిలే చోట వేసుకున్నాడు. కొన్నాళ్ళకి శుభ్రం చేసేవాళ్ళు తీసేశారు. ఇంకోటి తెచ్చాడు. తర్వాత పక్క బ్లాక్ ఆంటీ ఒక చెక్క కుర్చీ తెచ్చి చేర్చింది, ఇంకెవరో చక్రాలు ఊడిన ఆఫీసు కుర్చీ. ఇప్పుడు అక్కడ ఐదున్నాయి, ఏ రెండూ ఒకలాంటివి కావు. సాయంత్రం ఐదున్నరకి ఎండ ఎటుంటే దానికి అడ్డంగా వాటిని జరుపుకుంటూ కూర్చుంటారు. మొన్న నేను సామాన్ల సంచులతో లిఫ్టు వైపు వస్తుంటే ఆ ముసలాయన కుర్చీతో సహా అడుగు పక్కకి జరిగి దారిచ్చాడు, "ఏ అంతస్తు? కొత్తగా వచ్చావా?" అని అడిగాడు. అక్కడ నాలుగేళ్ళుగా ఉంటున్నానని చెప్పాను. ఆ తర్వాత సంచులు కింద పెట్టి, ఖాళీగా ఉన్న ఆఫీసు కుర్చీలో కూర్చున్నాను.